పంపు గడియారం ఇంకా హనుమకొండలోనే ఉందా?

తమ్ముడూ, ఇంగ్లండుకు వచ్చిన వారానికే రాత్రుళ్లు షుగర్ పడిపోతోందని, పగలు అన్నం తింటే కొండెక్కుతోందని రాశావు. ముందు నీ ఇన్సులిన్ పంపు (సన్నని గొట్టంతో రోజంతా ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే పరికరం) చేతిలోకి తీసుకుని అందులో టైం చూడు.

తెల్లవారుజామున హార్మోన్ల వల్ల షుగర్ పెరుగుతుంది కాబట్టి, చాలామందికి 4 నుంచి 7 దాకా బేసల్ (పంపు రోజంతా కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్) కొంచెం ఎక్కువ పెడతారు. గడియారం మన టైంలోనే నడుస్తుంటే చలికాలంలో ఆ డోసు ఇక్కడ రాత్రి పదిన్నరకే మొదలవుతుంది, సరిగ్గా నువ్వు దుప్పటి కప్పుకునే వేళకు. నాకూ ఇదే జరిగింది. చెమటలతో లేచి, చీకట్లో పంచదార డబ్బా వెతుక్కున్నాను.

రెండో తప్పు నా సొంత తెలివి. హనుమకొండలో వీధి చివరికి కూడా స్కూటరే. ఇక్కడ ఆఫీసుకు నలభై నిమిషాల నడక. మధ్యాహ్నానికి షుగర్ పడుతుంటే అన్నం బోలస్ (తిండి కోసం ఒకేసారి వేసే ఇన్సులిన్) తగ్గించాను. ఇక తిన్నాక 15, నడిస్తే 3.5! (ఇక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఫోన్లో "ఏడు ఉందమ్మా" అంటే అమ్మ ఏడ్చినంత పని చేసింది. ఏడంటే 126.) క్లినిక్‌లో నర్సు ఒక్కటే అడిగింది: "అసలు తినకపోతే ఎలా ఉంటుంది?"

అదే అసలు పరీక్ష. చివరి తిండి, బోలస్ అయి నాలుగు గంటలు దాటాక, ఒక పూట తినకుండా, ఎక్కువ నడవకుండా చూడు. షుగర్ దాదాపు నిలకడగా ఉంటే బేసల్ బాగున్నట్టే. పడుతుంటే ఆపేసి, ఏదైనా తిని, బేసల్ సంగతి చూడాలి. అది కుదిరాకే అన్నం లెక్క. మార్పు ఒకసారి ఒక్కటే, పది శాతం మించకుండా, మీ క్లినిక్ టీమ్‌తో మాట్లాడి. రాత్రి 3కి పడుతుంటే 3కి కాదు, గంటా రెండు గంటల ముందే తగ్గించాలి, ఇన్సులిన్ పని చేయడానికి టైం పడుతుంది కదా. నా విషయంలో బేసల్ బాగానే ఉంది, దోషమంతా నడకది. బయల్దేరడానికి గంట ముందు బేసల్‌ను తాత్కాలికంగా (పంపులో "టెంపరరీ బేసల్") తగ్గిస్తే సరిపోయింది. నీది షుగర్ సెన్సర్‌ను చూసి తనే బేసల్ మార్చే పంపైతే ఈ పద్ధతులు వేరు, క్లినిక్‌లో అడుగు.

అన్నం తూచి తిను. వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్ (పిండిపదార్థం) ఉంటుంది. కష్టం సకినాలతోనే: నూనె వల్ల షుగర్ ఆలస్యంగా, చాలాసేపు ఎక్కుతుంది. బోలస్ అంతా ఒకేసారి వేస్తే ముందు పడి, తర్వాత పెరుగుతుంది. కొంత ఇప్పుడు, మిగతాది రెండు మూడు గంటల్లో పోయేలా పెట్టే వీలుంటే అది వాడు. సర్వపిండికీ ఇదే మందు.

షుగర్ 14 దాటి దిగకపోతే, బోలస్ మీద బోలస్ నొక్కకు. గొట్టం మడత పడి ఉండొచ్చు. రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) చూడు. 0.6 దాటితే ఇన్సులిన్ పెన్నుతో డోసు వేసుకుని, గొట్టం సెట్ మార్చి, క్లినిక్‌కు ఫోన్ చెయ్. 3 దాటినా, వాంతులైనా నేరుగా ఆసుపత్రికే. పంపులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఉండదు, అందుకే గొట్టం ఆగితే కీటోన్ల సమస్య కొన్ని గంటల్లోనే ముదురుతుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఇన్సులిన్ ఇక్కడి నుంచే చేతి సంచిలో తీసుకెళ్లు. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ దొరుకుతాయి, పంపు లెక్క మాత్రం 100 యూనిట్లది. దిగగానే గడియారం మళ్లీ మార్చు.