మొక్కల శబ్దాలు, రక్తనాళాల్లో ప్లాస్టిక్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నీళ్లు పోయకపోతే మొక్కలు ఏడుస్తాయని సైంటిస్టులు కనిపెట్టారట కదండీ. అది చదివినప్పటి నుంచి కొమ్మ కత్తిరించాలంటే మనసు ఒప్పుకోవడం లేదు.

జవాబు: శబ్దం వస్తుందమ్మా, అది నిజం. ఏడుపు అన్న మాట వార్త రాసినవాళ్లు చేర్చింది. టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్లు 2023లో 'సెల్' పత్రికలో వేసిన పరిశోధన అది. టమాటా, పొగాకు మొక్కలకు 10 సెంటీమీటర్ల దూరంలో మైకులు పెట్టి వింటే, నీళ్లు అందనివి, కాండం కోసినవి గంటకు 30 నుంచి 50 సార్లు టిక్కుమన్నాయి, బాగున్న మొక్కల నుంచి గంటకు ఒక్కటి కూడా సరిగా రాలేదు. ఆ శబ్దాలు 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, మన చెవికి 20 దాటితే వినపడదు. కాండంలో నీటిని పైకి లాగే సన్నటి గొట్టాల్లో గాలి బుడగలు ఏర్పడి పగలడం వల్లే ఇవి వస్తుండవచ్చని వాళ్ల అంచనా. మొక్కకు మెదడూ లేదు, నరాలూ లేవు, నొప్పి పడుతోందని ఈ పరిశోధనలో ఎవరూ అనలేదు. కొమ్మ నిశ్చింతగా కత్తిరించండి. నాకైతే ఇందులో అసలు విషయం వేరే కనిపిస్తోంది: ఆ శబ్దాన్ని బట్టి మొక్కకు దాహమా, గాయమా అన్నది కంప్యూటర్ చాలావరకు పట్టేసింది, ఇది పొలం దాకా వస్తే ఎప్పుడు తడి పెట్టాలో ఆకు వాడకముందే తెలుస్తుంది.

ప్రశ్న: నాన్నగారికి గుండె జబ్బు ఉంది. రక్తనాళాల్లో ప్లాస్టిక్ ఉంటే ముప్పు నాలుగున్నర రెట్లు అని చూసి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ అంకె ఎవరిని చూసి చెప్పారో ముందు తెలుసుకోండి. ఇటలీ డాక్టర్లు 2024లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో రాశారు. మెడలోంచి మెదడుకు వెళ్లే ధమనిలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్ చేసి తీసిన 257 మందిని దాదాపు మూడేళ్లు గమనించారు. వాళ్లలో 150 మంది కొవ్వులో పాలిథిన్ కణాలు దొరికాయి. ప్లాస్టిక్ దొరికినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ఈ మూడూ కలిపి చూస్తే ముప్పు నాలుగున్నర రెట్లు. అంటే వీళ్లంతా అప్పటికే రక్తనాళాల జబ్బు బాగా ముదిరినవాళ్లు, ఆ లెక్కను అందరికీ అంటగట్టలేం. పైగా రెండూ కలిసి కనిపించాయే తప్ప ప్లాస్టికే కారణమని రుజువు కాలేదు, ఆ మాట డాక్టర్లే రాశారు. అలాగని కొట్టిపారేసే విషయం కూడా కాదు, నేను దీన్ని సీరియస్‌గానే తీసుకుంటాను. వేడి పదార్థాలు ప్లాస్టిక్ డబ్బాల్లో వేయకండి, వాటిని మైక్రోవేవ్‌లో పెట్టకండి. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెకు ఏం చేస్తాయో మాత్రం దశాబ్దాలుగా గట్టి ఆధారాలున్నాయి, కాబట్టి నాన్నగారి మందులు ఒక్క పూట కూడా తప్పనివ్వకండి.

ప్రశ్న: గదిలో మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందని నాసా చెప్పిందంటారు, ఎన్ని పెట్టాలి?

జవాబు: నాసా 1989 నాటి ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. మన గదుల్లోకి గాలి వస్తూ పోతూ ఉంటుంది. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో పాత ప్రయోగాలన్నీ లెక్కగట్టి చూస్తే, ఆ మామూలు గాలి రాకపోకలు చేసే పనికి సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది! ఇష్టంగా పెంచుకోండి, గాలి కోసం కిటికీ తీయండి. బయట పొగ ఎక్కువున్న రోజుల్లో మాత్రం కిటికీ మూసి సన్నటి ధూళి కణాలను కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ వేసుకోవడం మంచిది.