మాట వినగానే దాని అర్థం మెదడులో ఎక్కడ తడుతుంది?

ఒకే చోట కాదు. నెల్లూరులో ఎవరైనా 'చేపల పులుసు' అన్నారనుకోండి. చెవి దగ్గరి టెంపోరల్ భాగం శబ్దాన్ని మాటగా పోల్చుకుంటుంది. ఎర్రటి రంగు, మామిడికాయ పులుపు, ముల్లు తీసే వేళ్ల కదలిక, వీటికి వేరే భాగాలు స్పందిస్తాయి. అన్నిటినీ ఒక్క భావంగా ముడివేసేది ఆ టెంపోరల్ భాగం ముందు కొస అని చాలామంది పరిశోధకులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఆ కొస క్షీణించే సెమాంటిక్ డిమెన్షియా అనే జబ్బులో మనిషి ధారాళంగానే మాట్లాడతాడు, కానీ 'పులుసంటే ఏంటి?' అని అడుగుతాడు.

కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు 'నా పాలెంత?' అంటే గేదె పాలు పక్కకు తప్పుకోవాలి కదా. అలా సరైన అర్థాన్ని ఎంచడంలో ఎడమ నుదుటి వెనక భాగం సాయపడుతుంది. పొంతనలేని మాట వింటే దాదాపు 400 మిల్లీసెకన్లకే మెదడు తరంగాల్లో తేడా కనిపిస్తుంది.