టాక్సికాలజిక్ పాథాలజీ: ఊరికంటే ముందు గురువును వెతకండి

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మాయి గరివిడి పశువైద్య కళాశాలలో బి.వి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉంది. మందులు, రసాయనాల భద్రతను పరీక్షించే టాక్సికాలజిక్ పాథాలజీలోకి వెళ్తానంటోంది. ప్రభుత్వ పశువైద్యుల ఉద్యోగానికి సిద్ధం కావడమే మేలని మా ఉద్దేశం. ఆ రంగంలో పనిచేసేవారు మాకెవరూ తెలియదు. జంతువులపై పరీక్షలు తగ్గిపోతున్నాయని, ఫార్మలిన్ ఆరోగ్యానికి హాని చేస్తుందని కూడా విన్నాం. ఆమెకు దారి చూపించేవారు ఎక్కడ దొరుకుతారు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఫార్మసీ చదువుతున్న మా అబ్బాయి కూడా ఇదే పనిలోకి రావచ్చా? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న రంగం గురించి మన దగ్గర మాట్లాడేవారు తక్కువ కాబట్టి మీ సందేహాలు సహజమైనవే. అయితే విశాఖవాసులకు ఈ పని అవసరాన్ని వివరించడానికి దూరం వెళ్ళనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, దాన్ని పీల్చినవారికి మున్ముందు ఏమవుతుందోనన్న దిగులు ఊరంతటినీ పట్టుకుంది. స్టైరీన్‌ను ఎక్కువకాలం పీల్చిన చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో కణితులు వచ్చాయి. అదే తరహా పరీక్షల్లో ఎలుకల ఊపిరితిత్తుల్లో రాలేదు. చిట్టెలుక ఊపిరితిత్తుల కణాల్లో ఉండే ఒక ఎంజైమ్ స్టైరీన్‌ను హానికరమైన రూపంలోకి మార్చడంలో చాలా చురుకుగా ఉంటుందని, ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఆ చురుకుదనం బాగా తక్కువని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి. అయినా మనుషులకు ముప్పు లేదని అంతటితో తేల్చివేయలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని ఆధారాలనూ పరిశీలించి 2018లో స్టైరీన్‌ను 2ఎ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. ఒక జంతువు కణజాలంలో కనిపించిన మార్పు మనిషి విషయంలో ఎంతవరకు వర్తిస్తుందన్న ఈ విచారణ మొత్తానికి పునాది, మైక్రోస్కోప్ కింద ఆ కణజాలాన్ని చదివి రాసిన నివేదిక. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది ఆ పనే.

పని స్వభావాన్ని కూడా మీరు తెలుసుకోవాలి. ఒక పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందేమో చూసే పరీక్షకు, ఓ.ఇ.సి.డి. అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన 451వ మార్గదర్శకం ప్రకారం మూడు మోతాదుల గుంపులు, మందు ఇవ్వని కంట్రోల్ గుంపు ఒకటి, ప్రతి గుంపులో కనీసం 50 మగ, 50 ఆడ జంతువులు ఉండాలి. అంటే తక్కువలో తక్కువ 400 జంతువులు. ఎలుకలైతే అది దాదాపు రెండేళ్ళు సాగుతుంది. ఒక్కొక్క జంతువు నుంచి దాదాపు 40 రకాల కణజాలాలు తీసి, ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనపు బ్లాకులుగా మార్చి, పల్చని సెక్షన్లు కోసి, రంగు వేస్తారు. కంట్రోల్ గుంపు, అత్యధిక మోతాదు గుంపు స్లైడ్లన్నిటినీ పాథాలజిస్టు చదవాలి. మిగిలిన గుంపుల్లో అవసరమైనవాటిని చదవాలి. ముసలి ఎలుకల మూత్రపిండాలు మందుతో నిమిత్తం లేకుండానే పాడవుతుంటాయి. మందు ఆ సహజమైన జబ్బును ముదిరించిందా, కొత్త జబ్బును తెచ్చిందా, అసలు ఏమీ చేయలేదా అన్నది తేల్చవలసింది ఆ స్లైడ్లు చదివే మనిషే. మార్పు ఉందని గుర్తించడం సగం పని మాత్రమే. దాని తీవ్రతను జంతువు జంతువుకూ ఒకే కొలతతో అంచనా వేయడం, అది హానికరమో కాదో కారణాలతో రాయడం మిగతా సగం.

ఈ చూపు పుస్తకాలతో అలవడదు. సంగీతాన్ని గురువు పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే దీన్ని కూడా అనుభవజ్ఞుని పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్‌లో ఒకే స్లైడ్‌ను చూస్తూ నేర్చుకోవాలి. అందుకే నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: ఏ ఊరు, ఏ కంపెనీ, ఎంత జీతం అన్న లెక్కలకు ముందు, ఆమెకు చేయి పట్టుకుని నేర్పేది ఎవరు అన్న ప్రశ్న వేయండి.

ఆ ప్రశ్న పీజీ సీటు దగ్గరే మొదలవుతుంది. ఈ రంగంలోకి మామూలు దారి బి.వి.ఎస్సీ. తర్వాత రెండేళ్ళ ఎం.వి.ఎస్సీ. పాథాలజీ. తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్, చెన్నై, బెంగళూరు కళాశాలలూ, బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థా ఆమె పరిశీలించదగ్గవి. పేరుప్రతిష్ఠలకంటే ఆ విభాగానికి రోజూ ఎన్ని పోస్ట్‌మార్టం కేసులు వస్తాయి, పీజీ విద్యార్థులు స్వయంగా కోసి చూస్తారా లేక పక్కన నిలబడి రాసుకుంటారా, వారం వారం స్లైడ్ చర్చ జరుగుతుందా, గైడ్ పర్యవేక్షణలో అంతకుముందు పూర్తిచేసినవారు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు అన్నవి ముఖ్యం. వీటికి సమాధానం ప్రాస్పెక్టస్‌లో దొరకదు. ప్రస్తుత పీజీ విద్యార్థులను అడగాలి. పీహెచ్.డీ. తప్పనిసరి కాదు గాని, ముందుకు వెళ్ళేకొద్దీ దాని విలువ తెలుస్తుంది. అమెరికన్, యూరోపియన్ పశు పాథాలజిస్టుల ‘కాలేజీలు’ అనే వృత్తి సంఘాలు ఇచ్చే డిప్లొమేట్ గుర్తింపుకు ప్రపంచమంతటా గౌరవం ఉంది, కాని దానికి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కొన్నేళ్ళు గడిపి కఠినమైన పరీక్ష రాయాలి. ఆ ఆలోచన ఇప్పుడే పెట్టుకోనక్కరలేదు.

పరిచయాలు లేకపోవడం మీరనుకుంటున్నంత పెద్ద అడ్డంకి కాదు. మన దేశంలో టాక్సికాలజిక్ పాథాలజిస్టులకు ఎస్.టి.పి. ఇండియా అనే సంఘం ఉంది, పశు పాథాలజిస్టులందరికీ భారత పశు పాథాలజిస్టుల సంఘం ఉంది. వాటి సదస్సులకు వెళ్ళి, చిన్నదైనా ఒక కేసును పోస్టర్‌గా చూపిస్తే, పెద్దలు తామే వచ్చి ప్రశ్నలు వేస్తారు. ఉత్తరం రాసే పద్ధతిలోనే చాలామంది విద్యార్థులు అవకాశం పోగొట్టుకుంటారు. “నాకు మార్గదర్శనం చేయండి” అని రాస్తే తీరిక లేని సీనియర్‌కు ఏమి జవాబివ్వాలో తోచదు. “ఈ కాలేయం సెక్షన్‌లో కణాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, దీన్ని నేను ఈ కారణంతో కొవ్వు చేరడంగా భావిస్తున్నాను, గ్లైకోజన్ కాదని ఎలా నిర్ధారించుకోవాలి?” అని ఫోటోతో సహా రాస్తే, జవాబు రావడానికి అవకాశం ఎక్కువ. ఆమె ఏమి చూసిందో, ఏమి ఆలోచించిందో ఆ ఉత్తరంలో కనబడుతుంది కాబట్టి.

అలా అడగాలంటే ముందు సాధన ఉండాలి. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ వారి కణజాల మార్పుల చిత్రాల అట్లాస్, ఆ మార్పులకు ప్రపంచమంతటా ఒకే పేర్లు ఉండాలని రూపొందించిన ఇన్‌హ్యాండ్ పత్రాలు, పశు పాథాలజిస్టులు చర్చించే వెడ్నస్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ కేసులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో వారానికి కొన్ని కేసులు తీసుకుని, కింద ఇచ్చిన జవాబు చూడకుండా ముందు తన వర్ణన తాను రాసి, తర్వాత పోల్చుకోమనండి. నోట్‌బుక్‌లో ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచితే, తాను మళ్ళీ మళ్ళీ ఎక్కడ పొరబడుతోందో ఆమెకే తెలుస్తుంది. పీజీ ఇంటర్వ్యూలో చూపించడానికి మార్కుల జాబితాకంటే ఆ నోట్‌బుక్ మేలు. గరివిడి చుట్టుపక్కల కోళ్ళ ఫారాలు, పాడి పశువుల కేసుల్లో పోస్ట్‌మార్టం జరిగే ప్రతిసారీ ఆమె అక్కడ ఉండాలి. సెలవుల్లో విశాఖ వచ్చినప్పుడు, అనుమతి దొరికితే, ఏదైనా వైద్య కళాశాల హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్లు బ్లాకులు, సెక్షన్లు చేసే తీరు చూడాలి. సెక్షన్ సరిగా రాకపోతే ఏ లోపాలు జబ్బులా భ్రమింపజేస్తాయో వారికంటే బాగా చెప్పగలవారు లేరు.

పరవాడ ఫార్మా సిటీ దగ్గరే ఉంది కాబట్టి ఇంటి నుంచే ఉద్యోగానికి వెళ్ళవచ్చన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అక్కడ జరిగేది ప్రధానంగా ఔషధాల తయారీ; జంతు భద్రతా పరీక్షల ల్యాబులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు వైపు ఉన్నాయి. మన మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యే వైద్య పరికరాల విషయంలో మాత్రం, శరీరంలో అమర్చేవాటి చుట్టూ కణజాలం ఎలా స్పందిస్తుందో ఐ.ఎస్.ఓ. 10993 ప్రమాణాల ప్రకారం చూడవలసి ఉంటుంది; ఆ దిశలో ఇక్కడ ఏ అవకాశాలున్నాయో ఆమె స్వయంగా వాకబు చేయవచ్చు.

మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆమె అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ల్యాబ్‌కు జాతీయ జి.ఎల్.పి. (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్, అంటే ల్యాబ్ పనికి నాణ్యతా నియమాలు) పర్యవేక్షణ సంస్థ ధ్రువీకరణ ఉందా? పూర్తికాలం పనిచేసే సీనియర్ పాథాలజిస్టు ఉన్నారా? నేను చదివిన స్లైడ్లను ఎవరు తిరిగి చూస్తారు? ఒంటరిగా సంతకం చేయడానికి ముందు ఎంతకాలం శిక్షణ ఉంటుంది? వీటికి స్పష్టమైన జవాబు రాకుండా రోజుకు ఇన్ని స్లైడ్లు చదవాలన్న లెక్క మాత్రమే వస్తే, జీతం ఎంత ఎక్కువైనా ఆ ఉద్యోగాన్ని వదులుకోమని నేను చెబుతాను. మొదటి రెండేళ్ళలో సరిదిద్దేవారు లేకుండా అలవడిన తప్పు చూపు తర్వాత అంత తేలికగా పోదు, ఆ చూపుతో రాసిన నివేదిక మీద ఆధారపడి ఒక మందు మనుషుల దాకా వెళ్తుంది.

జంతు పరీక్షలు తగ్గుతున్నాయన్న మాట నిజమే. మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనలను 2023లో సవరించి, జంతువులు లేని పద్ధతుల ఆధారాలకూ చోటిచ్చారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో మోనోక్లోనల్ యాంటీబాడీలు అనే ప్రోటీన్ మందులతో మొదలుపెట్టి ఈ పరీక్షలను క్రమంగా తగ్గించే ప్రణాళిక ప్రకటించింది. ఇది మంచి మార్పు, మీ అమ్మాయి కూడా దీన్ని స్వాగతించాలి. అయితే తక్కువ జంతువులతో పరీక్ష చేసినప్పుడు ప్రతి స్లైడ్ నుంచీ మరింత సమాచారం రాబట్టవలసి వస్తుంది. ల్యాబ్‌లో పెంచిన కణజాలం అసలైన అవయవంలా ప్రవర్తిస్తోందా అన్నది చెప్పడానికి కూడా అసలు అవయవం తెలిసినవారు కావాలి. కాబట్టి పని రూపం మారుతుందే గాని చదివేవారి అవసరం తీరిపోదని నా అంచనా. ఆమె డిజిటల్ స్లైడ్లు, ఇమేజ్ అనాలిసిస్, గణాంకశాస్త్రం ఇప్పటినుంచే నేర్చుకుంటే మేలు.

ఫార్మలిన్ భయం నిరాధారమైనది కాదు. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారితమైంది. గాలిని బయటికి లాగే సరైన ఏర్పాటు ఉన్న గదుల్లో, గ్లోవ్స్‌తో పనిచేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. పాథాలజిస్టు ఎక్కువ సమయం గడిపేది మైక్రోస్కోప్ దగ్గరే. మీరు అడగని మరో విషయం నేను ప్రస్తావించాలి. ఆరోగ్యంగా ఉన్న జంతువులను పరీక్ష చివర చంపడం ఈ పనిలో భాగం. ప్రాణం కాపాడాలని పశువైద్యం చదివిన పిల్లల్లో కొందరు దీన్ని తట్టుకోలేరు, అందులో తప్పేమీ లేదు. పీజీలో చేరే ముందే ఆమె ఒక జంతు పరిశోధనశాలను చూసి, తన మనసు ఏమంటుందో తెలుసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్ వస్తే ఆమె పరీక్ష రాయవచ్చు. పీజీ ప్రయత్నానికి అది అడ్డు కాదు. కాని “ముందు ఉద్యోగంలో చేరి, కొన్నేళ్ళ తర్వాత పాథాలజీ చూసుకుందాం” అన్న ఏర్పాటును నేను సమర్థించను. స్లైడ్లకు దూరమైన కంటిని తిరిగి దారికి తెచ్చుకోవడం చాలా కష్టం. పీజీ సీటు వచ్చి, మంచి గైడ్ దొరికితే దానికే మొగ్గు చూపండి. రెండూ కుదరకపోతే మీరు చెప్పిన దారి గౌరవప్రదమైనదే.

మీ అబ్బాయి విషయానికి వస్తే, బి.ఫార్మసీతో పాథాలజిస్టు కావడం కుదరదు. ఫార్మకాలజీ లేదా టాక్సికాలజీలో పీజీ చేస్తే, పరీక్ష ప్రణాళిక రాసి, మొత్తం అధ్యయనాన్ని నడిపే స్టడీ డైరెక్టర్ స్థానం దాకా ఎదగవచ్చు. అనుభవం వచ్చాక అమెరికన్ బోర్డ్ ఆఫ్ టాక్సికాలజీ పరీక్ష రాసే వీలు కూడా ఉంది. అతనికి కోర్సు ఇంకా మిగిలి ఉంటే, జి.ఎల్.పి. ధ్రువీకరణ ఉన్న ల్యాబ్‌లో వేసవి శిక్షణకు ఇప్పుడే దరఖాస్తులు పంపించమనండి.