భోజనం పెట్టని విమానానికి ఏం కట్టుకెళ్లాలి?

వేసవి సెలవులకి పిల్లల దగ్గరికీ చుట్టాల దగ్గరికీ విదేశాలు వెళ్లేవాళ్లు రాసిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువగా ఒకే సంగతి ఉంది: టిక్కెట్టు చవగ్గా దొరికింది, అందులో భోజనం లేదు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మే నెలలో మా మరిది గారింటికి సిడ్నీ వెళ్తున్నాం. మావారు, నేను, అత్తగారు, పిల్లలిద్దరు, మొత్తం ఐదుగురం. శంషాబాద్‌లో రాత్రి 11కి విమానం. సింగపూర్‌లో నాలుగు గంటలు ఆగి ఇంకోటి ఎక్కాలి. ఏది ఎంతసేపు ఆగుతుంది, ఎంత వండాలి?

జవాబు: వంటకంటే ముందు టిక్కెట్టు షరతులు చదవండి. భోజనం విడిగా అమ్ముకునే విమానాల్లో కొన్నిటికి, బయటి తిండి లోపల తినకూడదన్న నియమం ఉంటుంది. పసిపిల్లల తిండికీ, ఆరోగ్యం రీత్యా తప్పనిసరైనదానికీ సాధారణంగా అడ్డు చెప్పరు. ఆ నియమం ఉంటే రెండో విమానానికి మనిషికో భోజనం ముందే బుక్ చేసుకోండి. ఎక్కాక కొందామంటే శాకాహారం అయిపోయిందనే మాట వినాల్సి రావచ్చు. ఇంటి తిండిని అప్పుడు దారికీ ఎయిర్‌పోర్టుకీ సరిపెట్టుకోవాలి.

ఇక గంటల లెక్క. విమానం ఎక్కినప్పటి నుంచి కాదండీ, గిన్నె పొయ్యి మీంచి దిగినప్పటి నుంచి లెక్కపెట్టాలి. రాత్రి 11కి విమానమంటే 8కల్లా శంషాబాద్‌లో ఉండాలి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లినా, విజయవాడ హైవే పట్టినా ఐదారు గంటలు వేసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇల్లు కదలాలంటే వంట 12కి దిగిపోవాలి. సింగపూర్‌కి సుమారు నాలుగున్నర గంటలు, అక్కడ నాలుగు, సిడ్నీకి ఇంకో ఎనిమిది. మన టైములో మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి దిగుతారు. గాల్లో ఉండేది పన్నెండున్నర గంటలే, కానీ మీ అన్నం వయసు అప్పటికి ఇరవై ఏడు గంటలు దాటుతుంది. అందులోనూ మొదటి గంటలు మే నెల ఎండలో, కారులో. తిండి పాడయ్యేది చాలాసార్లు అక్కడే. తిండి సంచిని డిక్కీలో వేయొద్దు, ఏసీ ఉన్నచోట కాళ్ల దగ్గర పెట్టుకోండి.

అన్నం విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య తడి అన్నం దొరికితే పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాసనకి తెలియకపోవచ్చు కూడా. వేడి వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే వాటికి మనమే చోటిచ్చినట్టు.

కాబట్టి తడి తిండి ముందు, పొడి తిండి చివర. దారిలో నాలుగింటికల్లా దద్దోజనం తినేయండి. పాలు ఎక్కువ పోసి పెరుగు రెండు చెంచాలే కలిపితే అప్పటికి పులవదు. దాన్ని ఎయిర్‌పోర్టు దాకా మోయకండి, సెక్యూరిటీ వాళ్లు జారుగా ఉన్నదాన్ని ద్రవాల కిందే చూస్తారు. ఎయిర్‌పోర్టులో 9 గంటలకి పులిహోర. మీ ఐదుగురికి (పిల్లలు చిన్నవాళ్లయితే) 400 గ్రాముల బియ్యం చాలు, ఉడికి కలిపితే కిలోకి పైనే అవుతుంది.

సింగపూర్‌లో, అంటే మనకి తెల్లవారుజామున, మెంతి చపాతీలు. 600 గ్రాముల పిండికి 20 వస్తాయి. పాలతో కలపకండి, గోరువెచ్చటి నీళ్లూ మూడు చెంచాల నూనే చాలు. మెంతాకు పచ్చిగా వేస్తే తడి మిగిలిపోతుంది, మూకుట్లో పూర్తిగా వేయించి వేయండి. కాల్చినవి ఒకదానిమీద ఒకటి పడేయకుండా గుడ్డమీద విడివిడిగా ఆరనివ్వాలి. ఆవిరి మిగిలిన చపాతీలు అంచుల్లో జిగురొస్తాయి. ఆలుగడ్డ కూర జత చేయాలని అనిపిస్తుంది గానీ అది అంతసేపు ఆగదు. పల్లీ కారం నెయ్యితో రాసి చపాతీని చుట్టేయండి, చేతులు కూడా ఖరాబు కావు.

చివరి ఎనిమిది గంటలకి నీటి చుక్క లేనివే. సున్నుండలు పది, పప్పుచెక్కలు పాతిక, అటుకుల మిక్చరు 400 గ్రాములు, గుప్పెడు ఖర్జూరాలు. చేగోడీలు పిల్లలకి సరే, అత్తగారి పళ్లని అడిగి పెట్టుకోండి. పూతరేకులు మాత్రం వద్దు. విప్పగానే పొడి పక్కసీటు దాకా పోతుంది. పల్లీ పడనివాళ్లు విమానంలో ఉన్నారని సిబ్బంది ప్రకటిస్తే పల్లీలున్న పొట్లాలు తెరవకండి. ఎనిమిది గంటలూ చిరుతిళ్లతో గడవదనుకుంటే సింగపూర్‌లో బ్రెడ్డో బన్నో కొనుక్కోండి.

శనగలు, రాజ్మా, క్యాబేజీ, సోడాలు ప్రయాణంలో తగ్గించాలి. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నంతే ఉంటుంది. కడుపులోని గాలి దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. చిప్స్ ప్యాకెట్లు బిగుసుకుపోయేదీ, బిగించిన మూత తీయగానే చింది పడేదీ ఇందుకే. మూతలు నెమ్మదిగా, మీనుంచి అవతలి వైపుకి తిప్పి తీయండి.

సర్దేటప్పుడు పెద్ద క్యారియర్ ఒకటి వద్దు. ఇరుకు సీట్లలో ఐదుగురికి వడ్డించడం కుదరదు. మనిషికీ పూటకీ ఒక పొట్లం కట్టి, పేరు రాసి, చివర తినేది సంచి అడుగున పెట్టండి. చాలా చవక టిక్కెట్లలో చేతి సామాను 7 కిలోలే. స్టీలు డబ్బాలు మూడు నాలుగైతే అవే కిలో తింటాయి. ఖాళీ కవర్లు, తడి టిష్యూలు, పరుచుకోవడానికి పాత పేపరు మరిచిపోకండి. నీళ్ల సీసా ఖాళీగా తీసుకెళ్లి సెక్యూరిటీ దాటాక నింపుకోవాలి. సింగపూర్‌లో చాలా విమానాలకి తనిఖీ గేటు దగ్గరే చేస్తారు. ముందే నింపితే అక్కడ పారబోయిస్తారు.

ప్రశ్న: పులిహోర ప్రయాణంలో సాయంత్రానికి ముద్దై పోతోంది. ఫాయిల్‌లో కడితే చిన్న చిన్న రంధ్రాలు కూడా పడ్డాయి. ఎందుకు? — మంగళగిరి పాఠకురాలు

జవాబు: ఫాయిల్ సంగతి ముందు. అల్యూమినియం చింతపండు పులుపుకీ ఉప్పుకీ ఆగదు, తినేస్తాయి. అరటాకుని మంటమీద వాడ్చి గానీ, బటర్ పేపర్‌లో గానీ కట్టి, పైన కవరు వేయండి. స్టీలు డబ్బాకి ఇబ్బంది లేదు, బరువు తప్ప.

ముద్దవడానికి కారణాలు రెండు: కొత్త బియ్యం, పలచటి పులుసు. పాత సోనా మసూరి తీసుకుని, గ్లాసుకి గ్లాసున్నర కంటే కాస్త ఎక్కువ నీళ్లతో పలుకుగా వండండి. వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడిగా ఉండగానే పసుపు, రెండు చెంచాల నూనె చల్లి ఫ్యాను కింద ఆరనివ్వండి. ఆరడం గంటలోపు పూర్తి కావాలి, అందుకే గుట్టగా పోయకూడదు.

400 గ్రాముల బియ్యానికి చింతపండు 75 గ్రాములు. వేణ్నీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, చిన్న బెల్లం ముక్కతో పక్కలకి నూనె తేలేదాకా ఉడికించాలి. ఈ తేలడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తేలకముందే దింపితే గుజ్జులో నీరు మిగిలి అన్నం నానుతుంది, పులుపు పలచనై నిలవ కూడా తగ్గుతుంది. పులిహోరని కాపాడేది ఆ పులుపూ నూనే. పోపుకి నువ్వుల నూనె ఐదారు చెంచాలు పడాల్సిందే, ఇంట్లో తినేదానికంటే కొంచెం ఎక్కువే. ప్రయాణానికి నిమ్మకాయ పులిహోర బదులు చింతపండుదే చేయండి. ఉల్లి, పచ్చికొబ్బరి వేయొద్దు. వేయించిన పల్లీలు కలిపేస్తే మెత్తబడతాయి, చిన్న పొట్లంలో విడిగా పెట్టుకుని తినేముందు చల్లుకోండి. ఇంత చేసినా ఎండాకాలం పది గంటల్లోపు తినేయాలి.

ఉప్పు మాత్రం పెంచకండి. విమానంలో ఉప్పూ తీపీ నాలుకకి తగ్గినట్టే ఉంటాయి, పులుపూ కారం అంతగా మారవు. మన పులిహోరకి అది కలిసొచ్చే సంగతి.

ప్రశ్న: దుబాయ్ వెళ్తూ ఆవకాయ, ఇడ్లీ కారప్పొడి చేతి సంచిలో పెట్టుకోవచ్చా? — పటమట, విజయవాడ

జవాబు: రెండూ చెకిన్ పెట్టెలోకే. చేతి సంచిలో కారం పొట్లం కనిపిస్తే తీసేస్తారు. ఆవకాయలో కారమూ నూనే రెండూ ఉన్నాయి. అంతర్జాతీయ ప్రయాణంలో ద్రవాలూ జారుడు పదార్థాలూ 100 మిల్లీలీటర్లు మించని సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలోనే పట్టాలి. విమానంలో ఇడ్లీ కారంతో తినాలనుకుంటే ఒక ఉపాయం ఉంది: పూర్తిగా చల్లారిన ఇడ్లీలకి నువ్వుల నూనెతో కలిపిన కారప్పొడి ఇంట్లోనే అన్ని వైపులా పట్టించి పెట్టుకోండి. అప్పుడది పొడీ కాదు, నూనే కాదు, ఇడ్లీ.

పెట్టెలో సర్దేటప్పుడు ఆవకాయ సీసా నిండా నింపకండి, పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. మూత కింద ప్లాస్టిక్ కవరు వేసి బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టి, మధ్యలో పాత తువ్వాలు చుట్టండి. ఎండు కొబ్బరి చిప్పలు చేతి సంచిలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానాల్లో ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు.

అన్నిటికంటే ముఖ్యం గసగసాలు. యుఏఈలో అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. విడిగానే కాదు, గసగసాలు కలిపి దంచిన మసాలా పొడి కూడా తీసుకెళ్లొద్దు. ఇంట్లో అమ్మగారో అత్తగారో కట్టి ఇచ్చిన పొట్లంలో ఏమేం వేశారో అడిగి మరీ సర్దుకోండి.

ప్రశ్న: మా పాపకి పది నెలలు. ఉగ్గు, పాలపొడి ఎలా తీసుకెళ్లాలి? — తెనాలి

జవాబు: పసిపిల్ల వెంట ఉంటే ప్రయాణానికి సరిపడా పాలు, నీళ్లు, తిండికి 100 మిల్లీలీటర్ల నియమం వర్తించదు. తనిఖీలో విడిగా తీసి చూపించాలి. పాలపొడిని ఒక్కో పూటకి కొలిచి చిన్న డబ్బాల్లో పోసుకోండి, మూడు పూటలకి కావాలనుకుంటే ఐదు పూటలకి పెట్టుకోండి. విమానం ఆలస్యమైతే అక్కరకొస్తాయి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. ఉగ్గు పొడి (వేయించిన బియ్యం, పెసరపప్పు) సన్నగా పట్టించి తీసుకెళ్లినా, వేణ్నీళ్లు పోసి మూతపెడితే పూర్తిగా ఉడకదు. ఇంట్లో వండి ఆరబెట్టి పట్టించిన అన్నం పొడి గానీ, వేడినీళ్లతో కలిపే సీరియల్ గానీ నయం. చవక విమానాల్లో వేడినీళ్లకి డబ్బు అడగొచ్చు, ఫ్లాస్కు మీ దగ్గర ఉండాలి. ఏడాది నిండలేదు కాబట్టి తేనె ఏ రూపంలోనూ వద్దు. దిగేటప్పుడు పాలు పట్టండి, మింగుతుంటే చెవి నొప్పి తగ్గుతుంది. దిగడం మొదలవకముందే కడుపు నిండా పట్టేస్తే అప్పటికి తాగదు.

ప్రశ్న: మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. తిండి ఆలస్యమైతే? — లబ్బీపేట, విజయవాడ

జవాబు: ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెలో పెడితే విమానం కింది సామాను అరలో చలికి గడ్డకట్టొచ్చు, గడ్డకడితే పనికిరాదు. డాక్టరు చీటీ వెంట పెట్టండి. తిండి చేతికొచ్చాకే సూది. ఆర్డరు ఇచ్చాం కదా అని ముందు వేసుకుంటే భోజనాల బండి వచ్చేలోపు షుగరు పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ బిళ్లలు గానీ నాలుగు చెంచాల పంచదార పొట్లం గానీ ఉండాలి, పైన అరలో కాదు. దేశం టైము మారినప్పుడు మోతాదు ఎలా మార్చాలో ప్రయాణానికి ముందే ఆయన డాక్టరుతో రాయించుకోండి.

ప్రశ్న: చికెన్ వేపుడు పట్టుకెళ్లొచ్చా? — గుంటూరు

జవాబు: దారిలో తినేయండి. విమానం దాకా వద్దు.

ప్రశ్న: సిడ్నీలో దిగేటప్పుడు తిండి మిగిలితే ఏం చేయాలి? — నరసరావుపేట

జవాబు: పళ్లు, కరివేపాకు, పాలతో చేసిన స్వీట్లు దిగేలోపు తినేయండి, లేదా విమానంలోనే వదిలేయండి. పశువుల గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల పాలపదార్థాలని ఆస్ట్రేలియా రానివ్వదు, మన దేశం అందులో ఉంది. పులిహోర కట్టిన అరటాకు కూడా బయటికి తీసుకెళ్లకండి. చెక్కలు, మిక్చరు లాంటివి మిగిలితే ప్రయాణికుల కార్డులో తిండి ఉందన్న గడిలో అవునని రాసి చూపించండి. చెప్పినదాన్ని వాళ్లు వద్దంటే తీసి పడేస్తారు, అంతే. చెప్పకుండా దొరికితే జరిమానా. పిల్లల బ్యాగుల్లో మరిచిపోయిన అరటిపండు, సగం తిన్న చపాతీ లేవని కార్డు నింపే ముందే ఒకసారి వెతకండి.