చిట్టీ, ముందు యూసీ కాపీ అడుగు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఊరి అంగన్వాడీ బిల్డింగ్ పిల్లర్ల దగ్గరే ఆగిపోయి మూడేళ్లయిందట. నువ్వు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, వచ్చే గ్రామసభలో లేచి అడుగుతానంటున్నావట. "నువ్వైనా వద్దని చెప్పు అక్కా" అంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. మన ఇంటి ఆడపిల్ల అడుగుతానంటే గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

దరఖాస్తు సంగతి నీకు తెలిసే ఉంటుంది. మన రాష్ట్రంలో పంచాయతీకి పెడితే ఫీజు లేదు, మండలం ఆఫీసుకి 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు. రసీదు జాగ్రత్త.

"ఎందుకు ఆలస్యమైంది?" అని మాత్రం రాయకు. "పరిశీలనలో ఉంది" అని ఒక ముక్క రాసి పంపేస్తారు. కాగితాలు అడుగు. మంజూరు ఉత్తర్వు, కాంట్రాక్టరు అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, పాసైన బిల్లులు, గడువు పొడిగించిన ఉత్తర్వులు. పని ఏ తేదీకి పూర్తి చెయ్యాలో అగ్రిమెంటులో ఉంటుంది. అది దాటాక గడువు కావాలని ఎవరో అడిగి ఉండాలి, ఇంకెవరో సరేనని సంతకం పెట్టి ఉండాలి. అలా ఎవరూ అడక్కుండానే మూడేళ్లు గడిచిపోతే అదీ కాగితాల్లోనే తెలుస్తుంది.

ఆ బిల్డింగ్‌కి డబ్బు ఒక్క చోటి నుంచి రాదమ్మా. ఇలాంటి వాటికి 12 లక్షల్లో ఉపాధి హామీ నుంచి 8, ఆర్థిక సంఘం నిధుల్లాంటి వాటి నుంచి 2, మహిళా శిశు సంక్షేమం నుంచి 2 అని లెక్క పెట్టారు. ఒక చోట ఆగినా మేస్త్రీ సామాన్లు సర్దుకుంటాడు. కాబట్టి సభలో సర్పంచ్‌నో, పనులు చూసే ఇంజనీరు ఏఈ కుర్రాడినో నిలదీసే ముందు ఎక్కడ ఆగిందో చూసుకో. 15వ ఆర్థిక సంఘం డబ్బు కేంద్రం నుంచి వచ్చిన 10 పనిదినాల్లో రాష్ట్రం కింది సంస్థలకి వేసి ఉండాలి, ఆలస్యమైతే వడ్డీతో వేసి ఉండాలి. తప్పు పైన ఉంటే పైవాళ్లనే అడగాలి. పాపం ఆ కుర్రాడిని నలుగురిలో ఏడిపించకు.

ఇంక అన్నిటికంటే ముందు అడగాల్సింది యూసీ కాపీ. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, గ్రాంటు డబ్బు ఫలానా పనికి ఖర్చయిందని రాసిచ్చే పత్రం. ఇది ఎందుకు ముందో మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1995లో కొత్త పంచాయతీరాజ్ చట్టం కింద ఎన్నికలు వచ్చాయి. మహిళా రిజర్వేషన్ పడిందని మీ పెదనాన్న నన్ను సర్పంచ్‌గా నిలబెట్టారు. గెలిచిన కొన్నాళ్లకే స్కూలుకి రెండు గదుల గ్రాంటు వచ్చింది, రెండు విడతల్లో. తుపానొస్తే తలదాచుకోవడానికి కూడా పనికొస్తాయని ఊరంతా సంబరపడింది. గోడలు లేచాయి. ఇంతలో కాంట్రాక్టరు ఇంకో ఊళ్లో పని పట్టుకుని వెళ్లిపోయాడు. మార్చి నెలాఖరున ఆఫీసు నుంచి ఒకాయన ఫారం తెచ్చాడు. "31 లోపు యూసీ వెళ్లకపోతే రెండో విడత మురిగిపోతుందమ్మా" అన్నాడు. ఫారంలో పని పూర్తయిందని ఉంది. గోడల మీద స్లాబ్ లేదని నాకు తెలుసు. రెండు నెలల్లో వేసేస్తారులే అనుకున్నాను. సంతకం పెట్టాను. పంచాయతీ ముద్ర నా చేత్తోనే వేశాను.

రెండో విడత వచ్చింది, పాత బిల్లుల కింద పోయింది. స్లాబ్ పడలేదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే, "మీ ఊళ్లో పని అయిపోయిందిగా?" అని నా సంతకమే నాకు చూపించారు. ఆలస్యమైందని చెప్పుకోవడానికి కాగితం మీద ఆలస్యమే లేదు చిట్టీ. దాన్ని నేనే చెరిపేశాను.

ఆ ఏడాదే, 1996 నవంబరు 6న తుపాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. పాకలు లేచిపోతుంటే మన వెనక వీధి వాళ్లు ఆ స్కూలు గోడల మధ్యకి పరిగెత్తారు, కనీసం గోడలైనా ఉన్నాయి కదా అని. పైన కప్పు లేదు. రాత్రంతా పిల్లల్ని గోడకి ఆనించి, మీద వంగి నిలబడ్డారు. తెల్లారాక వెళ్లాను. కొబ్బరి చెట్లన్నీ నేల మీద ఉన్నాయి. మన ఊళ్లో ప్రాణం పోలేదు, అది దేవుడి దయ. ఒకావిడ వణుకుతున్న పిల్లాడిని నా చేతికిచ్చి తన జుట్టు పిండుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నా సంతకం సంగతి ఆవిడకి తెలీదు. ఆ పిల్లాడి ఒళ్లు ఎంత చల్లగా ఉందో నా చేతులకి ఇప్పటికీ తెలుసు.

స్లాబ్ పడింది నేను దిగిపోయే ముందు, వేరే గ్రాంటు తెచ్చి. అవే గదులకి రెండుసార్లు జనం డబ్బు.

అందుకే యూసీ చూడు. పిల్లర్లే ఉన్న చోట "పూర్తయింది" అని రాసి ఉంటే నువ్వు అడగాల్సింది ఆలస్యం గురించి కాదు, ఆ సంతకం గురించి. పిల్లర్ల ఫొటోలు తేదీతో ఉంచుకో. సభలో అడిగింది తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివి వినిపించమను. "కమిటీలో ఉండమ్మా" అని రేపు నిన్నే పిలిచినా, పని కళ్లతో చూడకుండా దేని మీదా సంతకం పెట్టకు.

సాయంత్రాలు ఒక్కదానివే స్కూటీ మీద వెళ్లి సైటు దగ్గర వీడియోలు తీస్తున్నావట! బుద్ధుందా నీకు? మీ అమ్మ టెన్షన్ అంతా అదే, నాదీ అదే. పని తనిఖీ చేసే హక్కు సమాచార హక్కు చట్టంలోనే ఉంది. రాసి అడిగి, తేదీ తీసుకుని, పగటిపూట వెళ్లు. అంగన్వాడీ పిల్లల తల్లుల్ని నలుగురిని వెంట తీసుకెళ్లు. నీకేమైనా అయితే ఆ బిల్డింగ్ నాకెందుకు?

అందరూ వానాకాలం లోపు అంటారు. నాకు నవంబరు లోపు స్లాబ్ పడితే చాలు.

కాపీలు వచ్చాక వాట్సాప్‌లో పెట్టు. ఎం-బుక్ చదవడం నాకింకా వచ్చు. గ్రామసభ తేదీ తెలియగానే చెప్పు, ముందు రోజే వచ్చేస్తాను. నాకు పక్క వెయ్యమని మీ అమ్మకి చెప్పు.

మీ పెద్దమ్మ