ఆ సీసా డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బోర్లు ఎండి బత్తాయి తోట కొట్టేసినప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు, మాట లేదు. నల్గొండలో డాక్టరు డిప్రెషన్ అని సెర్ట్రాలిన్ రాశారు. మూడు వారాలైనా తేడా లేదు. ఇంగ్లిష్ మందు అలవాటైపోతుందని మా ఆడబిడ్డ కొడుకు అమెరికా నుంచి సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక గోలీలు పంపాడు. నాలుగు రోజులుగా రెండూ వేస్తున్నా. డాక్టరు మందు ఆపేయనా?

జవాబు: వద్దు చెల్లెమ్మా. ఆపాల్సింది ఆ మూలిక గోలీలు, అదీ ఈ రోజే. ఆ రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే. కలిస్తే అది హద్దు దాటొచ్చు. చెమటలు, చేతుల వణుకు, విరేచనాలు, గుండెదడ, జ్వరం, మాట తికమక... ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోయినా సీసా పట్టుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.

ఆ మూలిక ఉత్తదేం కాదు. యూరప్‌లో పెరిగే పసుపు పూల మొక్క అది. తేలికపాటి డిప్రెషన్‌కు పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. అంత బలం ఉంది కాబట్టే వేరే మందులతో పడదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్, గర్భం రాకుండా వాడే మాత్రలు కూడా దానివల్ల సరిగా పనిచేయవు. ‘ఆకుమందే కదా’ అనే మాట వింటే నాకు భయం.

మా ఇంట్లోనూ ఆ మాటే అన్నాం. అచ్చంపేటలో మా నాయినకు ఇదే జబ్బు వస్తే అమ్మ ఏడాదిపాటు సరస్వతి ఆకు పసరు, పాలల్లో అశ్వగంధ పొడి ఇచ్చింది. అప్పటికే మెడిసిన్ చదువుతున్న నేనూ ఊరుకున్నా. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు, గ్లాసులో పాలు మీగడ కట్టేవి. చివరికి డాక్టరు మందు మొదలుపెట్టాం. ఐదో వారంలో ఒక పొద్దున ‘జొన్నరొట్టె చేస్తవా?’ అని అమ్మను అడిగిండు. ఆ ఏడాది ఆయన ఊరికే బాధపడ్డాడని నాకు ఇప్పటికీ బాధే.

సెర్ట్రాలిన్ గుణం పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది సారాలా అలవాటయ్యేది కాదు. కానీ ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుడు, చిరాకు వస్తాయి. అందుకే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి.

ఇంకొక్కటి. తోటకు కొట్టిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఇవాళే వేరేచోటికి తరలించండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తుందా?’ అని ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.