కరెంటు పోయొచ్చాక ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అంటోందా?

మాస్టారూ, మీ రాయగడ ఇంట్లో నడుస్తున్న కథే మా పర్లాకిమిడి ఇంట్లోనూ నడిచింది. కింద ప్రింటర్, మేడమీద అబ్బాయి ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు. వారం రోజులు బాగానే ప్రింటొచ్చి, ఇప్పుడు 'ఆఫ్‌లైన్' అంటోందన్నారు. తొందరపడి కొత్తది కొనకండి.

మా ఇంట్లో ఇది గాలివాన రోజుల్లోనే వచ్చేది. కరెంటు పోయొచ్చాక రౌటర్ ఇంట్లోవాటికి మళ్లీ నంబర్లు (ఐపీ అడ్రస్‌లు) పంచుతుంది. మా ప్రింటర్‌ది 192.168.1.5 కాస్తా 192.168.1.8 అయింది. ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి తెలీదు, పాత నంబరుకే పంపుతూ కూర్చుంది. మా వదిన పాప స్కూలు ఫారం, ఒడియాలో ఉన్నది, రాలేదని 7 సార్లు నొక్కింది. నేను నంబరు సరిచేశానో లేదో, 7 కాపీలూ వరసగా దిగాయి! అందుకని ముందు ప్రింట్ క్యూ (ప్రింటు కోసం వరసలో ఆగి ఉన్నవి) ఖాళీ చేయండి.

తర్వాత బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్‌లోకి వెళ్లండి (కొన్నిటికి 192.168.0.1; రౌటర్ వెనక స్టిక్కర్ చూడండి). డీహెచ్‌సీపీలో, అంటే నంబర్లు పంచే సెట్టింగులో, 'అడ్రస్ రిజర్వేషన్' అని ఉంటుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (ఆ మెషీన్‌కి పుట్టుకతో వచ్చే గుర్తింపు నంబరు) ఇచ్చి ఒక నంబరు ఖాయం చేయండి. మ్యాక్ అడ్రస్ ప్రింటర్ తీసిచ్చే నెట్‌వర్క్ రిపోర్టు కాగితంలో దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో పాత ప్రింటర్‌ని తీసేసి, 'టీసీపీ/ఐపీ అడ్రస్‌తో' అనే ఆప్షన్ ఎంచుకుని ఆ నంబరు మీదే మళ్లీ కలపండి.

మీ ప్రింటర్‌కి వైఫై లేకపోతే మాత్రం కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని షేరింగ్ ట్యాబ్‌లో షేర్ చేయాలి. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకం 'ప్రైవేట్' అని ఉండాలి. ఆ కంప్యూటర్ నిద్రపోతే మేడమీద ప్రింటూ నిద్రే. పైగా ఫోన్లకు ఆ ప్రింటర్ మామూలుగా కనపడదు. అందుకే నాకీ పద్ధతి నచ్చదు. 2021 సెప్టెంబర్ విండోస్ అప్‌డేట్ల తర్వాత ఇలా షేర్ చేసినచోట చివర 11బి అని ఉండే ఎర్రర్ చాలామందికి వచ్చింది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) ఫలానాది సున్నా చేయమనేవాళ్లుంటారు, అది తలుపు గడియ తీసి పెట్టడమే. రెండు కంప్యూటర్లనూ పూర్తిగా అప్‌డేట్ చేసి చూడండి.

ఇంకోటి, చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. ఫోన్లను గెస్ట్ నెట్‌వర్క్‌లో (చుట్టాలకిచ్చే విడి వైఫై) పెడితే వాటికి ప్రింటర్ కనపడకపోవచ్చు.

రిజర్వేషన్ పెట్టాక ప్రింటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, లేకపోతే పాత నంబరునే పట్టుకు వేలాడుతుంది.